బొగ్గు లారీ పరదా

"చాయ్ అయినంక లేపు."

"లేపుత గని, ఈడ మాత్రం కాళ్ళు సాపకు. పో, నీ లారీలనే పండు పో."

మొదటి మాట మా ఆయనది, రెండోది నాది. మా ఇద్దరి మధ్య ఆఖరి మాటలు ఇవే. ఆ తర్వాత ఆయన నాతో మాట్లాడలేదు, ఎవరితోనూ మాట్లాడలేదు. వాన పడుతున్న ఒక మధ్యాహ్నం, మా చాయ్ హోటల్ ముందర ఆపుకున్న లారీలో పడుకున్నవాడు పడుకున్నట్టే పోయాడు.

తాగి పోయాడని ఊరంతా అన్నది. ఇప్పటికీ అంటున్నది. ఆయన తాగలేదు. ఆ ముక్క ముందు రాయించి తక్కినది తర్వాత చెబుతాను. నేను చెప్పడం మొదలుపెడితే మాట ఒక దిక్కు పోతుంది, నేనొక దిక్కు పోతాను. అందుకని ముందే. తాగలేదు.

ఇది రాస్తున్నది మా మరిది బిడ్డ. నాకు వచ్చిన చదువు నా పేరులో అక్షరాల వరకే. మొన్న ఈ పిల్ల తన మొగుడి మీద కోపంతో, "మా పెద్దనాయిన లెక్క తాగి సస్తవా ఏంది?" అని అరిచింది. నేను వాకిట్లో కందులు చెరుగుతున్నాను. చేట కింద పెట్టేశాను. ఈ పిల్ల ఆయన్ని చూసింది కూడా లేదు. ఈమె పుట్టకముందే పోయిన మనిషి ఈ ఇంట్లో తాగుబోతులకు పోలికగా మిగిలాడు. రెండు పూటలు అన్నం ముందర కూర్చుని లేచాను. మూడో పూట, "కాగితం, కలం తే, కూసో" అన్నాను.

మా హోటల్ వనపర్తి నుంచి నాగర్‌కర్నూలు పోయే తోవలో, గోపాల్‌పేట దాటినాక ఉండేది. హోటల్ అంటే నాలుగు గుంజలు, పైన గడ్డి కప్పు, రెండు బల్లలు, ఒక మట్టి పొయ్యి. మా ఆయన వనపర్తి షావుకారు లారీ తోలేవాడు. పల్లికాయ బస్తాలు, కొల్లాపూర్ మామిడికాయలు, గద్వాల దిక్కు నుంచి పుట్టిలో ఏరు దాటి వచ్చిన చీరల మూటలు, ఏది దొరికితే అది ఎత్తేవాడు. లారీ తోలేవాళ్ళకు తోవలో ముద్ద పెట్టే దిక్కు లేదని ఆయనే నన్ను అక్కడ కూర్చోబెట్టాడు. జొన్న రొట్టె, పల్లీల తొక్కు, ఉల్లిగడ్డ, చాయ్. అంతే.

అప్పట్లో మా దిక్కు చాయ్ అంటే మందు అనుకునేవాళ్ళు. ఎడ్ల బండ్లవాళ్ళు జ్వరం వస్తేనే వచ్చి అడిగేవాళ్ళు. రోజూ తాగేది డ్రైవర్లే. జంగు, అదే పెద్ద యుద్ధం, మొదలైనాక చక్కెర కనబడకుండా పోయింది. బెల్లం వేశాను. పాలు విరిగాయి. ఒక డ్రైవరు గ్లాసులోకి తొంగి చూసి, "వదినా, ఇది తాగాల్నా, రొట్టెల అద్దుకోవాల్నా?" అన్నాడు. "నీ లారీ పొగ కన్న మంచిగనే ఉంటది, మింగు" అన్నాను. బెల్లం పొయ్యి మీద ఉండగా వేయకూడదని, దించినాక వేసి కలపాలని రెండు రోజులు తిట్లు తిన్నాక తెలిసింది.

రాయచూరు నుంచి వచ్చే డ్రైవరు ఒకాయన ఉండేవాడు. మా ఆయన కన్నా పెద్దవాడు. ఈ కథలో ఆయన మళ్ళీ వస్తాడు కాబట్టి చెబుతున్నాను. మొదటిసారి వచ్చినప్పుడు నేను చాయ్ పోస్తుంటే "సాకు, సాకు" అన్నాడు. నాకు తెలిసిన సాకు ఒక్కటే, పని ఎగ్గొట్టడానికి చెప్పే సాకు. "తాగనీకె సాకెందుకన్నా, తాగు" అని ఇంకా పోశాను. సాసరు పొంగి ఆయన ధోతి మీద పడింది. "అయ్యో వదినా, మా దిక్కు సాకంటె చాలు అని!" అని ఎగిరి గంతేశాడు. మా ఆయన నవ్వి నవ్వి బల్ల మీద నుంచి జారిపడ్డాడు. ఆనాటి నుంచి నా పెనిమిటికి ఏది చాలన్నా సాకే. రొట్టె సాకు. కూర సాకు. నేను ఎక్కువ మాట్లాడితే, "సాకు తల్లీ" అనేవాడు.

ఇప్పుడు బొగ్గు లారీ సంగతి చెప్పాలి. అది తెలియకపోతే తక్కినది అర్థం కాదు.

జంగులో పెట్రోలు దొరక్క లారీలకు బొగ్గుల పీపాలు పెట్టారు. డ్రైవరు కూర్చునే గదికి వెనకాలే, మనిషెత్తు ఇనప పీపా. దాంట్లో తుమ్మ బొగ్గులు నింపి, అంటించి, అడుగున చిన్న పంకాను చేత్తో తిప్పాలి. బొగ్గు రాజుకుని, దాని గాలి గొట్టంలో నుంచి ఇంజనుకు పోతే బండి కదిలేది. అర్ధగంట తిప్పాలి. మా ఆయన రొట్టె తింటుంటే ఆ పంకా నేను తిప్పేదాన్ని. డ్రైవర్లు వేళాకోళం చేసేవాళ్ళు.

"అన్నా, నీ బండి బొగ్గు మీద నడుస్తలేదు, వదిన చెయ్యి మీద నడుస్తుంది."

"అందుకే నేను పెట్రోలు అడుగుతలేను" అనేవాడు ఈయన.

ఒకసారి ఆరిపోతే మళ్ళీ అర్ధగంట. అందుకని తోవలో ఆగినప్పుడు పీపాను ఆర్పేవాళ్ళు కాదు. అది లోపల గుసగుసమంటూ రగులుతూనే ఉండేది.

ఇంకో సంగతి. మా హోటల్లో పడుకున్న డ్రైవర్ని ఎవరూ లేపకూడదు. ఒకసారి ఒకాయన్ని సగం నిద్రలో లేపితే, మా కళ్ళ ముందే మలుపు మరిచిపోయి నేరుగా జొన్న చేనులోకి పోనిచ్చాడు. ఆయనకు ఏమీ కాలేదు, చేను పోయింది. అప్పటి నుంచి అది మా హోటల్ కట్టుబాటు. చాయ్ చల్లారినా సరే, షావుకారు తిట్టినా సరే, నిద్ర దానంతటది తెగాల్సిందే.

ఆ రోజు ఆయన నాగర్‌కర్నూలు దిక్కు నుంచి వచ్చాడు. రెండు రోజులు నిద్ర లేదు. కళ్ళు చింతనిప్పులు. పండగకు కల్లు తాగేవాడు, అబద్ధమెందుకు. కానీ బండి తోలే రోజు ముట్టేవాడు కాదు. నా పక్కనే నిలబడి నీళ్ళు తాగాడు, బొగ్గు వాసన, చెమట వాసన తప్ప ఇంకేమీ రాలేదు. హోటల్లో ముగ్గురు డ్రైవర్లు తింటున్నారు. కప్పు కారుతున్నది. నేను పిండి పిసికి పెట్టుకున్న తావుకే వచ్చి బురద కాళ్ళతో ఒరిగాడు. అందరి ముందర కసిరాను. పైన రాయించిన మాట అదే. ఆయన కోపం చేసుకోలేదు. తువ్వాల భుజాన వేసుకుని, వానలో తల వంచుకుని లారీ దగ్గరికి పోయాడు. ఎక్కే ముందు, లేవగానే బయలుదేరాలని పీపా నిండా బొగ్గులు పోసుకున్నాడు.

చాయ్ అయింది. లేపుదామని పోయాను. చెయ్యి చెంప కింద పెట్టుకుని, మోకాళ్ళు ముడుచుకుని పడుకున్నాడు. ఆ లారీ గదికి తలుపుల్లేవు, రెండు పక్కలా మందం గుడ్డ పరదాలు పైకి చుట్టి ఉండేవి. జల్లు లోపలికి కొడుతున్నది. కసిరానే అని మనసు పీకింది. ఆయన లేపమన్నా, లేపకూడదని కట్టుబాటు ఒకటి. తడవకూడదని నా బాధ ఒకటి. ఇటు పరదా దించాను. అటు తిరిగిపోయి ఆ పరదా కూడా దించాను. గాలికి ఎగరకుండా తాళ్ళు బిగించి ముళ్ళు వేశాను. కింది అంచులు ఆయన పరుచుకున్న బస్తా కింద దోపాను. ఎక్కడా సందు లేకుండా చూసుకున్నాను. ఆయన చాయ్ మీద మూత పెట్టి పొయ్యి పక్కన ఉంచాను.

వాన తగ్గింది. ముగ్గురు డ్రైవర్లలో ఇద్దరు తిని వెళ్ళిపోయారు. మంచిగా పడుకున్నాడు, పడుకోనీ అనుకుంటూ ఇంకో వాయి రొట్టెలు చేశాను. చాయ్ మళ్ళీ వేడి చేసి, బెల్లం ఇంకొంచెం వేసి తీసుకుపోయాను. ముళ్ళు తడిసి బిగుసుకుపోయాయి, పళ్ళతో విప్పాను.

ముఖం ఎర్రగా ఉంది. మంచి రంగు వచ్చింది, నిద్ర పట్టింది అనుకున్నాను. నవ్వుకున్నాను కూడా. చెయ్యి పట్టుకుంటే తెలిసింది.

హోటల్లో మిగిలిన డ్రైవరు వచ్చి చూసి, "మొహం గింత ఎర్రగుంది, తాగిండు గద" అన్నాడు. ఊరివాళ్ళు వచ్చి అదే అన్నారు. మా అత్త వచ్చింది. కొడుకు మీద పడి ఏడ్చి, ఏడ్చి, నా దిక్కు తిరిగి, "నిజం జెప్పు, తాగిండా?" అని అడిగింది.

"నాకు తెల్వదత్తా" అన్నాను.

తెలుసు నాకు. వాసన రాలేదని తెలుసు. కానీ ఆ ఎర్ర ముఖం చూశాక నన్ను నేనే నమ్మలేదు. తోవలో ఎక్కడన్నా తాగాడేమో, నాకు దాచాడేమో అనుకున్నాను. బతికి ఉండగా కసిరాను, పోయాక అనుమానించాను.

ఏడాది తిరిగినాక రాయచూరు డ్రైవరు వచ్చాడు. ఆయనకు కబురు ఎప్పుడో అందిందట, తోవ పడలేదట. చాయ్ పోశాను. తాగలేదు. సాసరు పట్టుకునే కూర్చున్నాడు.

"వదినా, ఒక్కటడుగుత, ఏమనుకోకు. మొహం ఎర్రగుండెనా?"

"అందరు జూసిండ్రు గదన్నా. అందుకే తాగిండన్నరు."

"తాగుడు గాదమ్మా. మా దిక్కు ఇద్దరు పోయిండ్రు గిట్లనే. పీపా మూత సందులకెల్లి గాలొస్తది. వాసన రాదు, పొగ రాదు. బండిల పరదాలు మూసి పంటే ఆ గాలి మనిషిని పండవెడ్తది, మల్ల లేవనియ్యది. ఎర్రగనే ఉంటడు, పెండ్లికొడుకు లెక్క. మాకు షెడ్డుల జెప్పిండ్రు, పరదా తీసే పండాలెనని. నీ పెనిమిటికి ఎవరు జెప్పలేదా? వానకు మూసుకున్నడేమో పాపం."

వానకు ఆయనే మూసుకున్నాడేమో పాపం అన్నాడు. నేను అవునని అనలేదు, కాదని అనలేదు.

"సాకన్నా" అన్నాను. ఆయన చాయ్ గురించి అనుకుని సాసరు కింద పెట్టాడు.

ఆ తర్వాత మా అత్త రెండేండ్లు బతికింది. ఆమెకు చెప్పి ఉంటే, కొడుకు తాగలేదని తెలుసుకుని పోయేది. చెప్పాలని ఎన్నిసార్లు ఆమె మంచం దగ్గర కూర్చున్నానో. బొగ్గు గాలి అని చెబితే, పరదా ఎవరు మూశారని అడుగుతుంది. ఆ మాట దగ్గరికి వచ్చి లేచిపోయేదాన్ని. మా మరిది కల్లు మానేసి, "మా అన్న లెక్క గావద్దు" అని నలుగురిలో చెప్పుకునేవాడు. అది విని కూడా ఊరుకున్నాను. ఈ ఇంట్లో నేను చలికాలం కూడా తలుపు మూసుకోనని, పసిపిల్లల మీద దుప్పటి ముఖం దాకా కప్పితే లాగేస్తానని అందరూ విసుక్కుంటారు. రోడ్డు మీద లారీ ఆగిందంటే లేచి చూసి వస్తాను. ఇప్పుడు చెబుతుండగానే రెండుసార్లు లేచాను. ముసల్దానికి కుదురు లేదంటారు. ఎందుకు లేదో ఇవాళ చెప్పాను.

ఇక్కడికి వచ్చేసరికి ఈ పిల్ల కలం ఆపింది.

"పెద్దమ్మా, తాగలే, బొగ్గు గాలికి పోయిండు అని రాస్త. పరదా ముచ్చట ఇడిసిపెడ్దం. ఎవరికి గావాలె గది?"

"ఇడిసిపెడ్తె ఎవడు నమ్ముతడే? తలుపుల్లేని బండి. మీ నాయిన ఫస్టు అదే అడుగుతడు, గాలి లోపట ఎట్ల నిలిచిందని."

"ఆయననే మూసుకున్నడని రాస్త."

"రాయచూరాయన గూడ అదే అనుకున్నడు. నేను అనుకోనిచ్చిన. సాలదా?"

"నువ్వు తడుస్తడని దించినవు. తెల్వక జేసినవు."

"తెల్వక దించిన. తెలిసి దాసిన. రెండూ రాయి."

ఆమె ముఖం పక్కకు తిప్పుకుని చాలాసేపు రాసింది. అంతసేపు ఏం రాసిందో నాకెట్లా తెలుస్తుంది? నాకు నల్ల గీతలు కనబడుతున్నాయి, అంతే.

"బిడ్డా, రాసింది ఇనిపియ్యి. నాకు చదువు రాదని ఏమన్న మార్చినవేమో. ఏడిస్తె ఏడ్వు గని, మొత్తం చదువు. మొదటికెల్లి చదువు, చాయ్ అయినంక లేపు అన్న కాడికెల్లి. పరదా కాడికి వచ్చినప్పుడు గొంతు తగ్గియ్యకు. మీ నాయిన అవతల అర్రల మేలుకొనే ఉన్నడు. ఆయనకు ఇనవడాలె. ఊఁ, చదువు."