సారు పెట్టిన పసుపు

మైదుకూరులో మా ఫిజిక్సు సారు పోయారని పోయిన సోమవారం పొద్దున ఫోనొచ్చింది. కర్నూలులో ఆయన దగ్గరే రీసెర్చి చేశాను. బస్సెక్కేదాకా ఏడుపు రాలేదు, ఎక్కాక ఆగలేదు.

మా పని వెలుతురుతో కొలవడం. ఊదారంగు లేజరును ఒక స్ఫటికం మీద వేస్తే, ఎప్పుడో ఒక వెలుగు కణం రెండుగా చీలుతుంది. ఆ రెండూ కవలలు. ఎంత దూరం పోయినా ఒకదాని గుట్టు రెండోదాని దగ్గరుంటుంది. ఒకదాన్ని పరీక్షించే ద్రవంలోంచి పంపి, రెండోదాన్ని నేరుగా పట్టుకుని, జంటగా చేరినవాటినే లెక్కపెడతాం. గట్టి వెలుతురుకు చెడిపోయే పదార్థాన్నీ అలా నలగకుండా చదవొచ్చు. సారు ఇంత చెప్పేవారు కాదు. "ఒకటి అబద్ధమాడితే రెండోది పట్టిస్తాది, అంతేనమ్మా" అనేవారు.

సారు దుకాణదారుల ఇంట పుట్టిన మనిషి. ఆయుధపూజకు పరికరాలన్నిటికీ పసుపు కుంకుమ తానే పెట్టేవారు, మమ్మల్ని ముట్టనిచ్చేవారు కాదు. నేను చాటుగా నవ్వుకునేదాన్ని.

ఒక ఏడు దసరా తర్వాత నా కొలతల గ్రాఫు గీతలో చిన్న బొడిపె లేచింది. ద్రవంలో ఎవరూ చూడని గుణమేదో దొరికిందని పొంగిపోయాను. పేపరు రాశాం, ఒక పెద్ద సైన్సు సభవాళ్లు ఒప్పుకున్నారు. నా స్కాలర్‌షిప్ గడువు దగ్గరపడింది, ఆశంతా దాని మీదే. సభకు ప్రయాణానికి వారం ముందు, ద్రవం తీసేసి కొలవమన్నారు సారు. బొడిపె అక్కడే ఉంది. ఆయన స్ఫటికం బిగించిన చట్రాన్ని వేలితో తుడిచి చూపించారు. పసుపు. ఊదా వెలుతురు పడితే పసుపు కూడా మెరుస్తుంది. ఆ మెరుపుకు, జంట కానివి జంటలుగా లెక్కలో పడ్డాయి.

ఎవరికి తెలుస్తుంది సార్, పంపిద్దాం అని బతిమాలాను. ఇప్పటికీ సిగ్గే నాకు.

"నాకు తెలుసు గదమ్మా. ఇప్పుడు నీకూ తెలుసు," అన్నారు.

పేపరు వెనక్కి తీసుకున్నారు. నెలరోజులు ఆయనతో ముభావంగా ఉన్నాను. ఆయన రోజూ పక్కన కూచుని మళ్లీ కొలిపించారు. గీత చదునుగా వచ్చింది. ఆ మామూలు గీతతోనే, ఆలస్యంగా, డాక్టరేట్ వచ్చింది.

మైదుకూరు ఇంట్లో గోడమీద ఆ చదును గీత కాగితం అద్దం కట్టి ఉంది. పలకరించడానికొచ్చినవాళ్లు అదేమిటని అడిగారు. సారు భార్య నన్ను చూపించి అంది: "ఆయప్ప శానా పెద్ద తప్పు చేసింటే ఈ పాపే కనిపెట్టిందంట. ఇంటికొచ్చినోళ్లందరికీ చెప్తాండె."

కాదని చెప్పబోయాను. ఆమె అప్పటికే కొంగుతో అద్దం మీద దుమ్ము తుడుస్తోంది.