ఈరమ్మ చేనులో ఖాళీ బుట్టలు

కరోనా తగ్గాక వచ్చిన రెండో ఖరీఫ్ అది. కర్నూలులో ఒక చిన్న ల్యాబ్‌లో నేను కెమిస్టుగా చేరి అప్పటికి పదకొండేళ్లు. పురుగులు గాలిలోకి వదిలే వాసనలను పట్టి, వాటిలో ఏ రసాయనం ఎంత ఉందో చెప్పడం మా పని. రెక్కలొచ్చిన ఆడ పురుగు మగదాన్ని పిలవడానికి వదిలే వాసనను ఫెరమోన్ అంటారు. దాన్నే ఫ్యాక్టరీలో తయారుచేసి, చిన్న రబ్బరు బిళ్లలో నింపి, చేనులో కట్టిన బుట్టలో పెడతారు. ఆ బిళ్లే ల్యూర్. ఆడది పిలుస్తోందనుకుని వచ్చిన మగ పురుగులు బుట్టలో పడతాయి. ఎన్ని పడ్డాయో చూసి మందు కొట్టాలో వద్దో రైతు తేల్చుకుంటాడు. తయారీదారులు పంపే ల్యూర్లలో సరుకు సరిగ్గా ఉందో లేదో చూసి రిపోర్టు ఇవ్వడమూ మా పనే.

ఆ ఏడు ఆలూరు దగ్గర ఒక పల్లెలో పత్తి రైతులకు ఈ సంగతులు చెప్పడానికి వెళ్లాను. బుట్టలో పురుగు పడనంత కాలం, కాయను తొలిచే గులాబీ రంగు పురుగుకు మందు కొట్టొద్దని గట్టిగానే చెప్పాను. అందరికంటే శ్రద్ధగా విన్నది ఈరమ్మ. యాభై దాటిన మనిషి. భర్త పోయాక మూడెకరాల పత్తి తానే చూసుకుంటోంది.

కాయ పట్టాక ఒకరోజు ఆమె మా ల్యాబ్‌కు వచ్చింది. సంచిలోంచి పచ్చి కాయలు తీసి టేబుల్ మీద పెట్టి, నా దగ్గరున్న కట్టర్ అడిగి తీసుకుని ఒకదాన్ని చీల్చింది. లోపల గులాబీ రంగు పురుగు కదులుతోంది.

“నువ్వు చెప్పినట్టే రోజూ పొద్దున్నే బుట్టలు సూస్తాండా మేడమ్. ఒక్క పురుగన్నా పడల్యా. పడల్యా కదా అని మందు కొట్టల్యా. మందు కొట్టినోళ్ల చేన్లు బాగుండాయి.”

బిళ్ల సమయానికి మార్చి ఉండదని, మందు అంటిన చేత్తో పట్టుకుని ఉంటుందని మొదట అనుకున్నాను. అడిగితే అన్నీ సరిగ్గానే చేసిందని తేలింది. ఒక బుట్టలోని బిళ్లతో పాటు, అవి వచ్చిన కవరు కూడా దాచి తెచ్చింది. దాని మీది బ్యాచ్ నంబరు చూసి మా రిపోర్టుల ఫైలు తీశాను. ఆ బ్యాచ్ బాగుందని రిపోర్టు ఇచ్చింది మేమే. కింద సంతకం నాది.

ఆమెతో ఆ మాట అనలేకపోయాను. బిళ్ల ఇచ్చి వెళ్లమని పంపేశాను. మధ్యాహ్నమే దాన్ని ద్రావకంలో నానబెట్టి జీసీ-ఎంఎస్ పరీక్ష చేశాను. కలిసి ఉన్న రసాయనాలను విడదీసి ఏది ఎంతో చూపించే యంత్రం అది. ఉండాల్సిన రెండు రసాయనాలూ సమపాళ్లలో ఉన్నాయి. మన రిపోర్టు సరిగ్గానే ఉంది, ఇంకేం చేస్తామన్నాడు మేనేజరు. ఆయన మాట తప్పని చెప్పడానికి నా దగ్గర చీల్చిన కాయ తప్ప ఏమీ లేదు.

పరీక్షల కోసం మేము పెంచే పురుగుల్లోంచి జతకట్టని ఆడవాటిని రెండింటిని సన్నని జాలీ గూటిలో పెట్టుకుని మర్నాడు ఈరమ్మ చేనుకు వెళ్లాను. ఆ గూడును ఇంకో బుట్టలో అమర్చి, ఆమె బుట్టకు దూరంగా కట్టి, ఆ రాత్రి వాళ్లింట్లోనే పడుకున్నాను. పొద్దున్నే ఇద్దరం వెళ్లి చూశాం. ల్యూర్ ఉన్న బుట్ట ఖాళీ. ఆడ పురుగులున్న బుట్టలో ఏడు మగ పురుగులు.

ఈరమ్మ రెండుసార్లు లెక్కపెట్టింది. “పురుగు ఉండాది మేడమ్. మీ బిళ్లే పిలవల్యా.”

తిరిగి వచ్చి ఈసారి బిళ్లను నానబెట్టలేదు. దాన్ని గాజు గొట్టంలో ఉంచి, చుట్టూ ఉన్న గాలిలోని వాసనను ఎస్‌పీఎంఈ పోగుతో పట్టాను. అది వాసన అంటుకునే పూత ఉన్న సన్నని పోగు. ఆడ పురుగుల చుట్టూ ఉన్న గాలినీ అలాగే పట్టి చూస్తే రెండు రసాయనాలూ స్పష్టంగా కనిపించాయి. బిళ్ల చుట్టూ ఉన్న గాలిలో దాదాపు ఏమీ లేదు. సరుకంతా రబ్బరు లోపలే ఉండిపోయింది, బయటికి రావడం లేదు. ఆ బ్యాచ్‌కు వేరే రకం రబ్బరు వాడామని తయారీదారు తర్వాత ఒప్పుకున్నాడు.

ఫోన్‌లో చెప్పడానికి మనసొప్పక మళ్లీ ఆలూరు బస్సెక్కాను. చేను గట్టు మీద కూర్చున్నాక చెప్పాను.

“అక్కా, ఆ బిళ్లలు బాగున్నాయని సంతకం పెట్టింది నేనే.”

ఆమె కోపపడలేదు. కోపపడితే తేలికపడేదాన్నేమో.

“ఇది సెప్పేదానికే ఇంత దూరం వచ్చినావా?”

అవునన్నాను.

“నాకు సెప్పి ఏం లాభం మేడమ్. నాది పోయింది. ఆస్పరి దిక్కు ఆలస్యంగా ఇత్తినోళ్లు శానామంది ఇవే కట్టినారు. వాళ్లకు ఇంకా పూత మీదుండాది. పోయి వాళ్లకు సెప్పు.”

మర్నాడే మా రిపోర్టు వెనక్కి తీసుకుంటున్నట్టు రాసిచ్చాను. మేనేజరు చాలా రోజులు నాతో సరిగ్గా మాట్లాడలేదు. వ్యవసాయ సిబ్బందితో కలిసి మూడు రోజులు ఆ ఊళ్లు తిరిగి బిళ్లలు మార్పించాం. కొత్తవి పెట్టిన రెండో రోజు నుంచే పురుగులు పడ్డాయి. వాళ్లు వేళకు మందు కొట్టుకున్నారు, పంట చాలామందికి నిలిచింది. ఈరమ్మకు మాత్రం ఆ ఏడు సగం పత్తి కూడా చేతికి రాలేదు.

ఇప్పుడు మా ల్యాబ్‌లో ఏ ల్యూర్ వచ్చినా ముందు గాలి పరీక్ష చేస్తాం. దానికి ఒక రోజు ఎక్కువ పడుతుంది. కొత్తగా చేరినవాళ్లు ఆ రోజు ఎందుకు దండగని అడుగుతారు. బిళ్లలో ఎంత ఉందో తెలుసుకోవడం మనకు సులువు, అందుకే అన్నేళ్లు అదే కొలిచామని చెబుతాను. చేనులో ఎగిరే పురుగుకు తెలిసేది గాలిలో ఉన్నది మాత్రమే. రైతు పంట నిలిచేదీ దాని మీదే.