చెయ్యెత్తితే ఆగే కారు

ప్రొద్దుటూరులో గౌస్ మొహిద్దీన్ ఎవరంటే చాలామంది తల గోక్కునేవాళ్లు. చెయ్యెత్తితే ఆగే కారాయన అంటే మాత్రం పాలు తాగే పిల్లల దగ్గరనుంచి పండు ముసలివాళ్ల వరకూ గుర్తుపట్టేవాళ్లు. ఆంధ్ర రాష్ట్రం ఏర్పడకముందు నుంచీ, అది ఆంధ్రప్రదేశ్ అయినాక కూడా, ఆయన పాత ఫోర్డు బాడుగ కారు ప్రొద్దుటూరులో బయలుదేరి జమ్మలమడుగు, ముద్దనూరు మీదుగా పులివెందుల దాకా తిరుగుతూనే ఉండేది. దారిలో ఎవరు చెయ్యెత్తినా ఆగేది. శెనక్కాయల మూటలూ, మేకపిల్లలూ, కొత్త పెళ్లికూతుళ్లూ, కోర్టు వాయిదాలకు పోయేవాళ్లూ అందరూ అందులోనే. లోపల ఇరుకైతే బయట మెట్టు మీద వేలాడేవాళ్లు. చోటు లేదన్న మాట ఆయన నోట ఎవరూ వినలేదు. "సర్దుకోండప్పా" అనేవాడు, అంతే.

అట్లాంటి మనిషికి నలభై దాటినాక కారు పందెం పిచ్చి పట్టింది చూడండి!

నూనె మిల్లుల ఓనర్లూ, ప్లీడర్లూ కొందరు కలిసి ఒక మోటారు క్లబ్బు పెట్టుకున్నారు. ఏటా ప్రొద్దుటూరు నుంచి పులివెందులకు ర్యాలీ అన్నారు. గుడ్డిగా ఉరికే పందెం కాదది. ఏ ఊరికి ఎప్పుడు చేరాలో ముందే చెప్తారు. ఆలస్యమైతే మార్కులు పోతాయి, తొందరపడి ముందే పోయినా పోతాయి. కారులో ఇద్దరే ఉండాలి, ఒకరు నడపాలి, ఇంకొకరు గడియారం చూసి చెప్పాలి. కారున్న వాళ్లెవరైనా రావచ్చు.

పెట్రోలు బంకులో ఈ మాట విని గౌస్ మొహిద్దీన్ నేరుగా ఇంటికి పోయి భార్య ఖాతూన్‌బీకి చెప్పాడు. ఆమె పకపకా నవ్వింది.

"దినామూ పోయే దోవే గదా! దానికి మళ్లీ పందెమేంది?"

"దినామూ పోయేది నేనా? వాళ్లు గదా పోయేది. ఒకరికి ఆస్పత్రి, ఒకరికి రైలు, ఒకరికి కోర్టు. ఇన్నేండ్లు స్టీరింగు పట్టుకున్నా గానీ, ఒక్కపారన్నా నాకోసం నేను పోయినానా? ఒక్కపారి, ఆ మొదట్నుంచి ఈ కడాకు, నడమ ఆగకుండా నేను పోవాల."

ఆమె నవ్వు ఆపేసింది. ఇన్నేళ్ల కాపురంలో ఆయన తనకంటూ ఏదో కావాలని అడగడం ఆమె వినడం అదే మొదటిసారి.

గడియారం చూడ్డానికి శేషగిరి ఒప్పుకున్నాడు. జమ్మలమడుగులో లెక్కలు చెప్పే అయ్యవారు, రోజూ ఆ కారులోనే బడికి పోయేవాడు. పిల్లల్ని గదిమే గొంతు తప్ప ఆయన దగ్గర వేరే గొంతు లేదు.

మొదటి ఏడాది జెండా ఊపగానే కారు బ్రహ్మాండంగా కదిలింది. ఊరు దాటి కాస్త దూరం పోయారో లేదో, మలుపులో ఒక రైతు చెయ్యెత్తాడు. కారు టక్కున ఆగింది.

"ఏంది మొహిద్దీనూ, ఎందుకు ఆపినావు?" అని అరిచాడు శేషగిరి.

"చెయ్యెత్తినాడు గదా అయ్యవారూ!"

అప్పటికే రైతు మూట లోపలికి తోసి కూర్చున్నాడు. కూర్చున్నవాణ్ని దించడం గౌస్ మొహిద్దీన్‌కు చేతనైతే కదా! తర్వాతి ఊళ్లో అత్తాకోడళ్లు ఎక్కారు, ఆ తర్వాత మేకపిల్లతో ఒకాయన. జమ్మలమడుగు చేరేసరికి పందెం కారు అచ్చం రోజూ వచ్చే కారులాగే ఉంది. టోపీ పెట్టుకున్న ప్లీడరొకాయన లోపలికి తొంగి చూసి, "ఇది ర్యాలీనా, సంతా?" అన్నాడు. చుట్టూ ఉన్నవాళ్లు పొట్టలు పట్టుకుని నవ్వారు. పందెంలోంచి పేరు కొట్టేశారు. గౌస్ మొహిద్దీన్ ఎక్కినవాళ్లను ఎవరి చోట వాళ్లను దించి ఇంటికి వచ్చాడు.

"వాళ్లు నవ్వినందుకు బాధ లేదు. నా కాలు నా మాట వినలేదే, అదీ నా ఏడుపు" అన్నాడు ఖాతూన్‌బీతో.

"ఇంగ మానేయరాదా?"

"మాననే మానను!"

ఆ ఏడంతా ఆలోచించి ఒకటి తేల్చుకున్నాడు. కాలు ఎట్లాగూ మాట వినదు. కాబట్టి జనానికే చెప్పుకోవాలి. మళ్లీ ర్యాలీ దగ్గర పడగానే కారెక్కిన ప్రతి మనిషికీ ఒకటే మాట. "వచ్చే ఆదివారం నా కారు కనబడితే మాత్రం చెయ్యెత్తొద్దప్పా, మీకు పుణ్యముంటుంది." కొందరు నొచ్చుకున్నారు. "మేమేం తప్పు చేస్తిమి మామా? మామీద కోపమొచ్చినాదా?" అని అడిగారు. "కోపం కాదప్పా, ఒక్క దినం నన్ను పోనీండి" అని రెండు చేతులూ జోడించాడు. పెద్ద ఊళ్లలో దండోరా కూడా వేయించాడు. చెయ్యెత్తొద్దని దండోరా వేయించుకున్న మనిషిని ఆ సీమలో అంతకుముందు ఎవరూ చూసి ఉండరు.

ఆదివారం వచ్చింది. ఊరూరా జనం రోడ్డు పక్కకు వచ్చి నిలబడ్డారు. కొందరు చేతులు కట్టుకున్నారు, కొందరు వెనక్కి పెట్టుకున్నారు. ఒక తల్లి తన బిడ్డ రెండు చేతులూ గట్టిగా పట్టుకుని కిందికి వంచింది. ఒక్క చెయ్యి పైకి లేస్తే ఒట్టు! గౌస్ మొహిద్దీన్ కళ్లలో నీళ్లు తిరిగాయి.

"రోడ్డు చూడు, రోడ్డు! ఏడ్చేది పులివెందులలో ఏడుద్దువు" అని గదిమాడు శేషగిరి.

జమ్మలమడుగు చెప్పిన వేళకు చేరారు. పెన్న దాటి ముద్దనూరుకూ చెప్పిన వేళకే చేరారు. టోపీ ప్లీడరు ఈసారి కిక్కురుమనలేదు. తొండూరు దాటినాక ఎండ చుర్రుమంటోంది, ఇంక మిగిలింది కొంచెం దూరమే.

అక్కడ ఒంటరిగా నాగమ్మ అవ్వ నిలబడి ఉంది. ఎన్నో ఏళ్లుగా ఆ కారులో తిరిగే మనిషే. కూతురింటికి పోయి అంతకుముందు రోజే వచ్చింది, దండోరా సంగతి ఆమెకు ఎవరూ చెప్పలేదు. తెలిసిన కారు కనబడగానే మూట చంకన పెట్టుకుని చెయ్యెత్తింది.

కాలు బ్రేకు మీదికి పోయింది. శేషగిరి గడియారం వంకే చూస్తూ కూర్చున్నాడు. గౌస్ మొహిద్దీన్ పళ్లు బిగబట్టి కాలు వెనక్కి లాక్కున్నాడు. కారు అవ్వను దాటిపోయింది. అద్దంలో చూస్తే, లేచిన దుమ్ములో ఆమె ఇంకా చెయ్యి దించలేదు.

"థూ, నా బతుకు!" అని తనను తానే తిట్టుకున్నాడు.

"వచ్చేటప్పుడు ఎక్కించుకుందువులే" అన్నాడు శేషగిరి మెల్లగా.

"ఎండ ఎట్లుందో చూస్తిరా అయ్యవారూ?" అన్నాడే గానీ కారు తిప్పలేదు.

వేళకు చేరారు. జనం ఈలలు వేశారు. శేషగిరి అయ్యవారితనం మర్చిపోయి ఎగిరి కౌగిలించుకున్నాడు.

"నేను చేరినట్టేనా?" అని అడిగాడు గౌస్ మొహిద్దీన్.

"చేరినట్టే! కూచో, భోంచేసి..."

ఆ మాట పూర్తి కాకముందే కారు వెనక్కి తిరిగింది. మూడో బహుమతికి పేరు పిలిచినప్పుడు దాన్ని అందుకున్నది శేషగిరే.

అవ్వ ఎండలో నడిచి వస్తోంది. కారును చూసింది, పక్కకు జరిగింది, తన దారిన తాను నడుస్తూనే ఉంది. గౌస్ మొహిద్దీన్ కారు ఆపి కిందికి దూకాడు.

"ఎక్కవ్వా."

"నేను చెయ్యెత్తలేదు గదా నాయనా."

"తప్పయిపాయ, ఎక్కు. నీ కాళ్లు పట్టుకుంటా."

"ఎనక సీటంతా ఖాళీగానే ఉండె గదరా! ఎవురి కోసరం అంత బిరీన పోతివి?"

"నాకోసరమే అవ్వా. ఈపొద్దు నేను పోతాంటి."

"యాడికి?"

"పులివెందులకు."

"నేనూ ఆడికే గదరా పోవాల్సింది!"

ఆయన ఆమె చేతిలోని మూట తీసుకుని ముందు సీటు తలుపు తెరిచాడు. అవ్వ ఎక్కి కూర్చుని ఆయన ముఖంలోకి చూసింది. కోపం ఎటు పోయిందో పోయింది.

"సరేలే, పోయొస్తివి గదా. ఎట్లుండె?"

"శానా బాగుండె అవ్వా" అన్నాడు గౌస్ మొహిద్దీన్. "నువ్వు కనబడిందాక."