అద్దాల బీరువాలో ఆటల బడి

ఆటపాటల బడి అని బోర్డు పెట్టిన చోట బిడ్డను చేర్చబోయే తల్లిదండ్రులు ఎవరైనా నన్నడిగితే ఒకటే చెబుతాను. అక్కడ ఎన్ని బొమ్మలున్నాయని చూడకండి, అవి ఎంత మాసిపోయి ఉన్నాయో చూడండి. పిల్లలు ఆడే బొమ్మకు చెవి ఊడుతుంది, చక్రం పోతుంది, చీమిడి అంటుతుంది. బొమ్మ తళతళలాడుతూ ఉందంటే దాన్ని ఏ బిడ్డా ముట్టుకోలేదని అర్థం. ఈపాటి సంగతి తెలియక మా మాచర్లలో ఎంతమంది మోసపోయారో! అసలు మోసపోయారనడం కూడా తప్పే. సగం మంది తెలిసే పోయి పడ్డారు, పడి సంతోషించారు. తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

ఎనభైల్లో మా ఊళ్ళో సందుకొక కాన్వెంటు లేచింది. మా ఆయన నాపరాళ్ళ లారీ నడిపేవాడు. నేను ఇంట్లో మిషను మీద జాకెట్లు కుట్టేదాన్ని. మాకు ఒక్కతే కూతురు, నాలుగేళ్ళది. పొద్దున లేస్తే చాలు, ఇంటి ముందు పడి ఉన్న రాతి ముక్కల దగ్గరికి పరుగు తీసేది. అవే దానికి బస్సు, అవే దుకాణం, అవే పెళ్ళిపందిరి. ఒక ముక్కను అత్తను చేసి, ఇంకొక ముక్కను కోడలిని చేసి, రెండిటికీ తనే గొంతు మార్చి తగువు పెట్టేది. “ఏందే అట్టా చూస్తన్నావు, పోయి నీళ్ళు తే!” అని అత్తరాయి అరిస్తే, “నేను తేను, నువ్వే తెచ్చుకో పో!” అని కోడలురాయి తిరగబడేది. నేను మిషను ఆపి మరీ వినేదాన్ని.

దాన్ని ఎక్కడ వెయ్యాలా అని నాకు బెంగగా ఉండేది. మా వీధిలో పిల్లలు చదివే కాన్వెంట్లలో నాలుగేళ్ళ వాళ్ళ చేత కూడా పలక నిండా రాయించి, తప్పు పోతే వేళ్ళ మధ్య పెన్సిలు పెట్టి నొక్కేవాళ్ళు. థూ, అదొక చదువా! అట్లాంటి రోజుల్లో ఒక రిక్షా మైకు పెట్టుకుని మా వీధిలోకి వచ్చింది. మా బడిలో దెబ్బ పడదు, తిట్టు ఉండదు, ఆటలతోనే అక్షరాలు, పాటలతోనే ఎక్కాలు అని ఊదరగొట్టింది. నా ప్రాణం లేచి వచ్చింది. విజయదశమి నాడు బిడ్డను బడిలో వేస్తే మంచిదని మా వైపు ఆనవాయితీ. ఆ రోజే పిల్లకు తలంటి పోసి, కొత్త గౌను తొడిగి, మేమిద్దరం తీసుకెళ్ళాం.

ఆ వేళ నేను చూసింది చూసినట్టు చెబుతున్నాను. ఆవరణలో ఉయ్యాల ఊగుతోంది. ఇనుప జారుడుబల్ల మీద పిల్లలు కేరింతలు కొడుతూ జారుతున్నారు. లోపల గదిలో అద్దాల బీరువా తెరిచి ఉంది, చాప మీద ఏనుగు, రైలు, రంగు దిమ్మెలు పరిచి ఉన్నాయి, చుట్టూ పిల్లలు. బడి పెట్టిన కరస్పాండెంటు గారు తెల్లచొక్కా వేసుకుని చేతులు జోడించి ఎదురొచ్చాడు.

మా ఆయన ఆనవాయితీగా అనాల్సిన మాట అననే అన్నాడు. “సార్, కళ్ళు రెండూ వదిలెయ్యండి, మిగతాదంతా మీ ఇష్టం. తోలు తీసినా మేం ఏందని అడగం.” మా ప్రాంతంలో బిడ్డను బడిలో వదిలే ప్రతి తండ్రీ ఈ మాట అంటాడు. అది పంతులు గారికి ఇచ్చే మర్యాద అనుకుంటారు. నాకు ఆ మాట వింటేనే రోత.

“అయ్యయ్యో, మా దగ్గర అట్టాంటివి ఉండవండీ. మా పద్ధతే ఆట,” అన్నాడు ఆయన నవ్వుతూ.

నాకు ఎంత హాయిగా అనిపించిందో చెప్పలేను.

సంక్రాంతి దాటేసరికి మా పిల్ల మారిపోయింది. బడి నుంచి వచ్చి గోడకు ఆనుకుని చేతులు కట్టుకుని కూర్చునేది. ఇంటి ముందు రాళ్ళు పడి ఉన్నవి పడి ఉన్నట్టే ఉండేవి. వీధిలో వాళ్ళకు మాత్రం ఇదంతా ముచ్చటగా ఉంది. మా పక్కింట్లో లారీ మెకానిక్కు భార్య ఉండేది, వాళ్ళు ముస్లింలు. నేను ఆమెను వదినా అని పిలిచేదాన్ని. వాళ్ళ అబ్బాయి కూడా అదే బడి. “మీ అమ్మాయి ఎంత బుద్ధిమంతురాలయిందే! మావోడూ అంతే, ఇప్పుడు గమ్మున కూకుంటన్నాడు. మంచి బడి దొరికింది మనకి,” అని ఆమె మురిసిపోయేది. నాకు లోపల ఏదో తొలుస్తూనే ఉండేది.

ఒకనాడు సాయంత్రం పిల్ల మళ్ళీ రాళ్ళ దగ్గరికి వెళ్ళింది. హమ్మయ్య అనుకుని మిషను ఆపి తొంగి చూశాను. రాళ్ళన్నిటినీ వరసగా నిలబెట్టింది. అత్త లేదు, కోడలు లేదు. ఒక పుల్ల తీసుకుని ఒక్కొక్క రాయినీ కొడుతూ పోతోంది. “నోటి మీద వేలేసుకో. ముట్టుకోమాక. చూడు, అంతే.”

దగ్గరికి తీసుకుని అడిగాను. “ఇయ్యాల బళ్ళో ఏం ఆడావమ్మా?”

“ఆడలేదు. చూశాం.”

“ఏం చూశారు?”

“బొమ్మల్ని.”

అన్నాళ్ళూ దాన్ని ఏం చదివావని అందరూ అడిగారు కానీ ఏం ఆడావని ఒక్కరూ అడగలేదు. బిడ్డను ఆటల బడిలో వేసినవాళ్ళు రోజూ అడగాల్సిన ప్రశ్న ఇదొక్కటే.

మర్నాడు చెప్పాపెట్టకుండా బయలుదేరాను. ఎండలు ముదిరిన రోజులు. గేటు లోపలికి అడుగు పెట్టగానే ఇనుప జారుడుబల్ల కనిపించింది. దాని మీద తెల్లగుడ్డ పరిచి వడియాలు పెట్టారు! కరస్పాండెంటు గారి ఇల్లు బడి వెనకే, ఆయన భార్యకు వడియాలు ఎండబెట్టుకోవడానికి అంతకంటే మంచి చోటు దొరకలేదు కాబోలు. ఉయ్యాలకు గొలుసు చుట్టి తాళం వేశారు. దాని కమ్మికి ఆనించి స్కూటరు నిలబెట్టారు. పైన పటారం లోన లొటారం అంటారే, అది కళ్ళారా చూశాను.

కిటికీ లోంచి గదిలోకి చూశాను. పిల్లలంతా వరసల్లో నోటి మీద వేలేసుకుని కూర్చున్నారు. అద్దాల బీరువాకు తాళం. టీచరమ్మ బయటి నుంచి అద్దం మీద స్కేలుతో కొట్టి, “ఎలిఫెంట్” అంటే పిల్లలంతా “ఎలిఫెంట్” అంటున్నారు. మళ్ళీ స్కేలు రైలు ముందుకు జరిగింది. ఇదంట ఆటలతో అక్షరాలు!

వరసల్లో నా కూతురు లేదు. గది చుట్టూ తిరిగి వెనక వైపుకు పోయాను. అక్కడ నేల అంతా నాపరాళ్ళు పరిచి ఉంది. మా పల్నాడు ఎండకు నాపరాయి ఎట్లా కాలుతుందో ఇక్కడ పుట్టినవాళ్ళకు చెప్పక్కర్లేదు. ఆ బండల మీద నా పిల్ల చెప్పుల్లేకుండా నిలబడి, ఒక కాలు మార్చి ఒక కాలు ఎత్తుతోంది. ఏడవడం లేదు. పక్కనే అరుగు మీద నీడలో కూర్చుని ఆయా విసనకర్రతో విసురుకుంటోంది.

ఒక్క ఉదుటున పోయి పిల్లను ఎత్తుకున్నాను. “ఏందమ్మా ఇది? మనిషివా, రాయివా నువ్వు?” అని అరిచాను.

“నన్నంటావేందమ్మా? అద్దం మీద చెయ్యేసింది. మరకలు పడతయ్యని సారే నిలబెట్టమన్నారు,” అంది ఆయా విసరడం ఆపకుండా.

నా అరుపులకు కరస్పాండెంటు గారు వచ్చాడు. దసరా నాటి నవ్వే ఇప్పుడూ నవ్వుతున్నాడు. “కూర్చోండమ్మా, ఆవేశపడకండి. బొమ్మలు గుంటూరు నుంచి తెప్పించాం. వీళ్ళ చేతికిస్తే రెండు రోజులు ఉంటాయా చెప్పండి?”

“పిల్లలు ఆడుకోటానిక్కాకపోతే మీరు ఆడుకోటానికి తెప్పించారా?”

ఆయన సమాధానం చెప్పబోతుండగా గేటు ముందు రిక్షా ఆగింది. వచ్చే ఏడాదికి బిడ్డను చేర్చడానికి ఎవరో భార్యాభర్తలు చూడవచ్చారు. అంతే, ఆయా విసనకర్ర పారేసి పరుగెత్తి గంట కొట్టింది. వడియాల గుడ్డ నాలుగు చెంగులూ పట్టుకుని ఒక్క లాగుతో లోపలికి తీసుకుపోయింది. స్కూటరు పక్కకు పోయింది, ఉయ్యాల తాళం ఊడింది, బీరువా తెరుచుకుంది. పిల్లలు ఆకలిమీద ఉన్నవాళ్ళు విస్తరి ముందుకు ఉరికినట్టు బొమ్మల మీద పడ్డారు. నా చంకలో ఉన్న పిల్ల కూడా కిందికి జారి, కాళ్ళు బొబ్బలెక్కి కుంటుతూనే ఉయ్యాల వైపు పరుగు తీసింది.

ఆ వచ్చినామె, “అబ్బ, పిల్లలు ఎంత సంతోషంగా ఉన్నారో!” అని మొగుడితో అంది. నేను నోరు తెరిచి అంతా చెప్పాను. ఆమె నన్ను పిచ్చిదాన్ని చూసినట్టు చూసింది. అప్పుడే కరస్పాండెంటు గారు మధ్యలో దూరి వాళ్ళను ఆఫీసు గదిలోకి తీసుకుపోయాడు.

వాళ్ళ రిక్షా వెళ్ళిపోగానే మళ్ళీ గంట మోగింది. పిల్లలు ఉయ్యాల దిగారు. ఎవరి చేతిలో బొమ్మ వాళ్ళే బీరువాలో పెట్టి, పోయి వరసలో కూర్చుని నోటి మీద వేలేసుకున్నారు. ఒక్క బిడ్డ ఏడవలేదు, ఇంకాసేపని మారాం చెయ్యలేదు. ఛీ, నాలుగేళ్ళ పిల్లలు!

బడి వదిలే వేళకు పిల్లను చంకనేసుకుని గేటు దగ్గర నిలబడి, వచ్చిన తల్లులకూ తండ్రులకూ చూసింది చెప్పాను. అందరూ కలిసి ఆ మనిషిని నిలదీస్తారనుకున్నాను. పేరు గొప్ప ఊరు దిబ్బ అన్నట్టు, మా ఊరి మనుషుల సంగతి నాకు ఆ రోజు తెలిసింది.

“గోడ పక్కన నిలబడితే చీమ చిటుక్కుమన్నా వినపడద్ది. అంత బాగా చెప్తారు ఈ బళ్ళో,” అన్నాడు ఒక తండ్రి. రోజూ మధ్యాహ్నం ఆ దారిన పోతూ చెవి పెట్టి వింటాడంట. చప్పుడు లేకపోతే చదువు ఉన్నట్టు లెక్క వాళ్ళకు.

“అయినా బడికి పంపేది ఆడుకోటానికా? ఆడుకోటానికి ఈదుల్లేవా?” అన్నాడు ఇంకొకాయన.

“మరి ఆటల బళ్ళో ఎందుకేశావయ్యా?”

“ఆట అని బోర్డు మీద ఉంటే గొప్పగా ఉంటది కదమ్మా.”

పక్కింటి వదిన నా చెయ్యి పట్టుకుని పక్కకు లాగింది. “ఊరుకోవే. ఆయనతో పెట్టుకుంటే మావోడికి వంకలు పెడతాడు. మొక్కై వంగనిది మానై వంగుద్దా? కాస్త వంచనీ,” అంది. కొడుకు చెయ్యి పట్టుకుని, వెనక్కి చూడకుండా పోయింది. ఆ పిల్లవాడు తల దించుకునే నడిచాడు.

లారీ దిగి వచ్చిన మా ఆయనకు నాకంటే ముందే ఎవరో చెప్పేశారు. “సార్‌తో తగువేసుకున్నావంట. బజార్లో తల ఎత్తుకోనియ్యవా?” అంటూనే లోపలికి వచ్చాడు.

“దాని అరికాళ్ళు చూడు ముందు.”

చూశాడు. మొహం ముడుచుకుపోయింది కానీ మాట మారలేదు. “నేను మాత్రం దెబ్బలు తినకుండానే పెరిగానా? మధ్యలో మానిపిస్తే ఏడాది పోద్ది. కాళ్ళకి వెన్న పుయ్యి, తగ్గుద్ది. సోమవారం పంపు.”

“నేను పంపను.”

“నేను తీసుకుపోతా.”

మర్నాడే ఆయన లారీ ఎక్కి ఇంకొక ట్రిప్పు పోయాడు. పిల్ల గోడకు ఆనుకుని కూర్చునే ఉంది. సోమవారం దగ్గరికి వస్తుంటే నాకు తిండి సయించలేదు. ఆయన తీసుకుపోతానంటే ఆపడానికి నాకు అమ్మ లేదు, అన్న లేడు. ఇంట్లో మొగవాడి మాటే మాట.

ఆదివారం పొద్దు వాలుతుండగా ఆయన వచ్చాడు. నరసరావుపేటలో రాయి దించి వస్తూ బజార్లో ఎర్ర రబ్బరు బంతి కొన్నాడు. పిల్లను మంచి చేసుకుని మర్నాడు బడికి తీసుకుపోదామని ఆయన ఆలోచన. గడపలో కూర్చుని బంతిని పిల్ల వైపు దొర్లించాడు. అది పోయి పిల్ల పాదానికి తగిలి ఆగింది. పిల్ల గబుక్కున కాలు వెనక్కి తీసుకుంది. వెన్ను నిటారుగా పెట్టి చేతులు కట్టుకుంది.

“ఆడుకోవే బంగారూ,” అన్నాడు ఆయన.

పిల్ల బంతిని చూసింది, వీధి వైపు చూసింది. “ఎవరొస్తన్నారు నాన్నా?” అని అడిగింది.

“ఎవరూ రావట్లేదమ్మా. నీకే తెచ్చా.”

అది కాసేపు ఆలోచించింది. “ఎవరూ రాకపోతే ఎందుకు తీశావు? లోపల పెట్టెయ్ నాన్నా, కొడతారు.”

మా ఆయన లేచి వెళ్ళి బంతిని తీసి చేతిలో పట్టుకున్నాడు. నేను పొయ్యి దగ్గర నుంచి చూస్తున్నాను. ఆయన నా వైపు తిరక్కుండానే అన్నాడు.

“రేపు పంపమాక.”