తొందరగా పాడయ్యే కారు

"ఇందులో ఏది తొందరగా పాడవుతుందండీ?" అని అడిగాడు బ్రేకులాయన.

రిమోట్ కార్ల కొట్టాయన కళ్లజోడు తీసి, తుడిచి, మళ్లీ పెట్టుకున్నాడు. అప్పటికి ముప్పావుగంటగా ఆయన గుక్క తిప్పుకోకుండా చెప్పుకొచ్చిందంతా ఏది పాడవదో, ఎందుకు పాడవదో. పిల్లకి మొదటి కారు అంటున్నారు కాబట్టి మరీ వేగమైనది వద్దన్నాడు. బజార్లో దొరికే బొమ్మకారు ఒకసారి ఆగిందంటే చెత్తబుట్టలోకే గానీ, ఈ హాబీ కార్లు అలా కాదు, మోటారు దగ్గర్నుంచి మరమేకు దాకా ప్రతి ముక్కా విడిగా దొరుకుతుంది, విడిగా మార్చుకోవచ్చు అన్నాడు. పెద్ద చక్రాల ట్రక్కు ఒకటి బల్లమీద పెట్టి, ఇది గడ్డిలో పోతుంది, గుంటల్లో పోతుంది, తడిసినా ఏమీ కాదన్నాడు. రిమోట్ మీద చిన్న మీట ఇటు తిప్పితే సగం వేగం దాటదనీ, పిల్లకు చెయ్యి తిరిగాక మీట అటు తిప్పుకోవచ్చనీ చూపించాడు. అంతా విని ఈ పెద్దమనిషి అడిగిన ప్రశ్న అదీ.

"ఇరవై ఏళ్ల నుంచి ఈ కొట్లో కూర్చుంటున్నా. ఆ మాట అడిగింది మీరొక్కరే," అన్నాడు కొట్టాయన. "పిల్లంటే కోపమా ఏమిటి?"

"కోపమా! ఊరికే తెలుసుకుందామని," అని నీళ్లు నమిలాడు బ్రేకులాయన.

నిజం చెప్పడానికి నోరు రాలేదు. ఎలా చెబుతాడు? కారు పాడవ్వాలి, పాడైతే మనవరాలు ఫోను చేస్తుంది, ఫోను చేస్తే తను పెట్టె పట్టుకుని బస్సెక్కొచ్చు. అదీ ఆయన ఎత్తు. అరవైకి దగ్గర పడుతున్న మనిషి, బస్సు డిపోలో ముప్పై ఒక్క ఏళ్లుగా బ్రేకులు చూస్తున్న మనిషి, ఎనిమిదేళ్ల పిల్లను చూడ్డానికి వెయ్యాల్సిన ఎత్తేనా ఇది? నాకైతే ఒళ్లు మండుతుంది. 'నిన్ను చూడకుండా ఉండలేను, నెలకోసారి వస్తాను' అని ముక్కుసూటిగా చెబితే పోయేదానికి ఇంత తతంగం. కానీ బ్రేకులాయనకు ఆ విద్య రాదు. ఆయన బతుకులో ఎవరూ ఆయన్ని ఊరికే పిలిచింది లేదు. బస్సు ఆగిపోతే పిలిచారు, వెళ్లాడు. పక్కింటి కుళాయి కారితే పిలిచారు, వెళ్లాడు. పెళ్లయ్యాక కూతురింటికి వెళ్లినప్పుడు కూడా గుమ్మంలోనే "ఏమైనా రిపేరు ఉందామ్మా?" అని అడిగేవాడు. కూతురు తెలివైంది. ఏదో ఒక ఫ్యాను రెక్క వదులు చేసి ఉంచేది.

ఆ కూతురు పోయి రెండేళ్లయింది. పది రోజుల జ్వరం, అంతే. భార్య అంతకు చాలాకాలం ముందే కన్నుమూసింది. ఇక ఆయనకంటూ మిగిలింది ఈ మనవరాలు. దాన్ని ఇంట్లో అందరూ పిడుగు అనేవారు. తల్లి పోయాక పేరే మిగిలింది గానీ పిడుగు మాత్రం కిక్కురుమనడం మానేసింది. ఆదివారం ఆదివారం తాతయ్య గదికి వచ్చి, కిటికీ దగ్గర కూర్చుని డిపోలోకి వచ్చే బస్సులు లెక్కపెట్టేది. మధ్యాహ్నం దాకా ఇద్దరూ కలిపి పది మాటలు మాట్లాడుకుంటే గొప్ప. అయినా ఆ మాటలు లేని ఆదివారం కోసమే ఆయన మిగతా ఆరు రోజులూ పనిచేసేవాడు.

అల్లుడు చెడ్డవాడు కాదు. మొన్న మళ్లీ పెళ్లి చేసుకున్నాడు. ఆవిడ బడిలో పంతులమ్మ, పిల్లను బాగానే చూసుకుంటోంది. ఇప్పుడు అల్లుడికి బదిలీ అయి, ఆరుగంటల ప్రయాణం దూరంలో ఉన్న ఊరికి వెళ్లిపోతున్నారు. "ఎప్పుడైనా రండి మావయ్యా," అన్నాడు. ఎప్పుడైనా అంటే ఎప్పుడో బ్రేకులాయనకు అర్థం కాలేదు. సరిగ్గా అప్పుడే పిడుగు నోరు విప్పి, పార్కులో ఎవరో నడుపుతుంటే చూసిన రిమోట్ కారు కావాలని అడిగింది. తల్లి పోయాక అది నోరు తెరిచి అడిగిన మొదటి వస్తువు.

కొట్టాయన చివరికి పై అర నుంచి ఇంకో కారు దించాడు. నేలబారుగా, సన్నగా, చూడ్డానికి మహా సోకుగా ఉంది. "ఇదైతే మీ కోరిక తీరుస్తుంది. ముందు చక్రాల్ని పట్టుకునే ఈ ప్లాస్టిక్ చేతులు ఉన్నాయి చూడండి, గట్టుకు తగిలితే విరుగుతాయి. స్టీరింగ్ కడ్డీ కూడా వదులే, ఊడుతుంటుంది. నేనైతే మొదటి కారుగా ఎవరికీ ఇవ్వను."

"ఇదే ఇవ్వండి," అన్నాడు బ్రేకులాయన.

మర్నాడు భోజనాల వేళ దాన్ని డిపోకి తీసుకెళ్లి, వెనక ఆవరణలో నేలమీద పెట్టాడు. బండి ఏదైనా నడిపి చూడకుండా చేతికివ్వడం ఆ డిపోలో లేదు. అక్కడో కట్టుబాటు ఉంది. బ్రేకులు చూసి బాగుందని సంతకం పెట్టినవాడు ఆ బస్సు మొదటి ట్రిప్పులో డ్రైవరు వెనక సీట్లో తనే కూర్చోవాలి. కొత్తగా చేరిన వాళ్లు దీన్ని శిక్ష అనుకుంటారు. బ్రేకులాయన మాత్రం ముప్పై ఒక్క ఏళ్లూ కళ్లు మూసుకుని ఎక్కి కూర్చున్నాడు. నిద్ర కూడా పోయేవాడని డ్రైవర్లు వేళాకోళం ఆడేవారు.

కారు బాగానే పరిగెత్తింది. రెండు చుట్లు కొట్టింది. మూడో చుట్టులో కొట్టాయన చెప్పినట్టే స్టీరింగ్ కడ్డీ ఊడింది. ఇక రిమోట్ ఎటు తిప్పితే ఏం లాభం? కారు తిన్నగా గేటు వైపు దూసుకుపోయింది. బ్రేకులాయన దాని వెనక పరుగెత్తాడు. కుడీ ఎడమా చూడలేదు, కళ్లన్నీ కారు మీదే. గేట్లోంచి లోపలికి తిరుగుతున్న బస్సు ఆయనకు రెండు మూరల దూరంలో కీచుమని ఆగింది.

డ్రైవరు తల బయటపెట్టి తిట్ల దండకం ఎత్తుకున్నాడు. "ఏం మావా, పిల్లాడివనుకున్నావా? బొమ్మ వెనకాల రోడ్డుమీదికి పరిగెడతావా? ఈ బ్రేకులు నిన్న నువ్వే చూశావు కాబట్టి బతికిపోయావు!"

బ్రేకులాయన కారు తీసుకుని తన పనిబల్ల దగ్గరికి వచ్చి కూలబడ్డాడు. భయం పట్టుకుంది. తన ప్రాణం గురించి కాదు. తనంత వయసువాడే వెనకాముందూ చూడకుండా పరిగెత్తాడు, ఎనిమిదేళ్లది చూస్తుందా? బస్సయితే మొదటి ట్రిప్పులో తను ఎక్కి కూర్చునేవాడు. ఈ బండిలో తను ఎక్కేదెలా?

ఆ వారమంతా భోజనాల వేళ ఆయన అన్నం తిన్నది తక్కువ, కారు విప్పింది ఎక్కువ. ప్లాస్టిక్ కడ్డీ పీకేసి సన్నటి ఉక్కు కడ్డీ అమర్చాడు. ముందు చేతులకు అడుగున అల్యూమినియం పట్టీలు కోసి బిగించాడు. మరలు అదురుకు ఊడకుండా ఒక్కోదానికి నీలం జిగురు చుక్క వేశాడు. రిమోట్‌కి అందనంత దూరం పోతే కారు దానంతట అదే ఆగేలా కొట్టాయన్ని అడిగి మరీ సరిచేయించాడు. ఒక్కో మర బిగిస్తుంటే తను ఏం చేస్తున్నాడో ఆయనకు తెలుసు. తను బస్సెక్కి వెళ్లే దారిని తనే మూసుకుంటున్నాడు. తెలిసీ బిగించాడు. ఆ వారం ఆయన్ని చూసి ఉంటే, కొట్లో అడిగిన మాటకు ఆయన మీద నాకు కలిగిన కోపమంతా పోయేది.

వాళ్లు ఊరు వెళ్లేముందు ఆదివారం, ఖాళీగా ఉన్న డిపో ఆవరణలో పిడుగు చేతికి రిమోట్ ఇచ్చాడు. మొదట భయంభయంగా నొక్కింది. కారు కదలగానే పెదవులు బిగబట్టింది. అరగంట తిరిగేసరికి బస్సుల మధ్యలోంచి పాములా మెలికలు తిప్పుతూ, "తాతయ్యా, చూడు! తాతయ్యా, ఇటు చూడు!" అని అరుస్తోంది. రెండేళ్ల తర్వాత దాని గొంతు అంత పైకి లేవడం ఆయన వినడం అదే మొదటిసారి. గడ్డం కింద చెయ్యి పెట్టుకుని మెట్టుమీద కూర్చుని విన్నాడు.

"పాడైతే ఒక్క ఫోను కొట్టమ్మా. రెక్కలు కట్టుకుని వాలతాను," అన్నాడు చివర్లో.

"పాడైతేనా?"

"ఆఁ, పాడైతే."

ఆ పిల్ల తాతయ్య ముఖంలోకి ఒక్క క్షణం చూసింది. కారును చంకలో పెట్టుకుంది.

తర్వాత ప్రతి ఆదివారం పది గంటలకు ఫోను. అవతల పిడుగు ఎత్తగానే ఈయన మొదటి మాట, "కారెలా ఉంది? పాడైందా?"

"లేదు తాతయ్యా."

"ఎక్కడైనా వదులైందా?"

"లేదు."

"సరే అయితే." అక్కడితో అయిపోయేది. బడి గురించి అడగొచ్చు, కొత్త ఇంటి గురించి అడగొచ్చు, అన్నం తిన్నావా అని అడగొచ్చు. అడగడు. ఫోను పెట్టేశాక గదిలో కాలుగాలిన పిల్లిలా తిరుగుతాడు. తను చేసిన పని అంత గట్టిగా ఉన్నందుకు గర్వపడాలో ఏడవాలో తెలియదు. నాలుగు నెలలయ్యేసరికి కొన్ని ఆదివారాలు ఫోను ఎవరూ ఎత్తేవారు కాదు. ఆరేడు నెలలకు ఈయనే చెయ్యడం తగ్గించాడు. పాడవని బండి గురించి ఎన్నిసార్లని అడుగుతాడు?

పదకొండో నెలలో ఆ ఊరి దారిలో డిపో బస్సు ఒకటి బ్రేకులు పట్టేసి ఆగిపోయింది. రాత్రికి రాత్రే రిపేరు వ్యానులో బ్రేకులాయన్నే పంపారు. పని మధ్యాహ్నానికల్లా అయిపోయింది. ఆ రోజు రెండో శనివారం, బడికి సెలవు. ఊరు అక్కడికి పది కిలోమీటర్లు. వ్యాను డ్రైవరును బతిమాలి, సాయంత్రం బస్టాండు దగ్గర కలుస్తానని చెప్పి, గ్రీజు బట్టలతోనే వెళ్లి మూడో అంతస్తులో గంట కొట్టాడు.

పంతులమ్మ తలుపు తీసింది. "అయ్యో, రండి బాబాయిగారూ! ముందే చెప్పి ఉంటే భోజనానికి ఆగేవాళ్లం కదా," అని కుర్చీ వేసి, లోపలికి తిరిగి కేకేసి, మంచినీళ్లు తేవడానికి వంటింట్లోకి వెళ్లింది.

పిడుగు వచ్చింది. నాలుగు వేళ్ల పొడుగు పెరిగింది. జుట్టు మెడ దాకా కత్తిరించారు. ఆయన్ని చూసి నవ్వింది, వెంటనే కంగారుగా అంది. "ఎందుకొచ్చావు తాతయ్యా? కారు బాగానే ఉందిగా!"

"ఊరికే... ఒకసారి చూసి పోదామని," అన్నాడు.

బాల్కనీలో పాత చెప్పుల పక్కన ఉన్న కారును తెచ్చి ఒళ్లో పెట్టింది. చేతికి రాగానే ఆయన మనసు కాస్త కుదుటపడింది. పైతొడుగు తీశాడు. కడ్డీ కదలలేదు, పట్టీలు వంగలేదు, మర ఒక్కటీ వదులు కాలేదు. ముందు భాగం మాత్రం చూసి ఆగిపోయాడు. బంపరు మొత్తం అరిగి చదునైపోయింది. గట్టుకో చెట్టుకో తగిలిన గీతలు కావవి. ఒకే చోట, తిన్నగా, వందలసార్లు తగిలితే వచ్చే అరుగుడు. ఆయనకు అలాంటివి తెలుసు.

"దేనికి కొట్టావమ్మా ఇంతలా?"

"గోడకి."

"చూసుకోకుండానా?"

"చూసే కొట్టాను," అంది పిడుగు నేలచూపులు చూస్తూ. "బడి నుంచి రాగానే రోజూ మేడమీద కొట్టేదాన్ని. రిమోట్ మీద మీట అటు తిప్పి, ఫుల్లు స్పీడులో. ఎంత కొట్టినా విరగలేదు తాతయ్యా. విరిగిందని అబద్ధం చెబుదామనుకున్నా. కానీ నువ్వొచ్చి చూస్తే తెలిసిపోతుంది కదా, ఇంకెప్పుడూ రావేమోనని చెప్పలేదు."

బ్రేకులాయన చేతిలో కారు అలాగే ఉండిపోయింది.

"తర్వాత మానేశాన్లే," అంది ఆ పిల్ల, ఆయన్ని ఓదారుస్తున్నట్టు. "ఇప్పుడు నేను కారుతో ఆడట్లేదు."

కింద నుంచి ఎవరో పిల్లలు పిలిచారు. పిడుగు బాల్కనీలోకి వెళ్లి వస్తున్నానని చెయ్యి ఊపి, గుమ్మం దగ్గర చెప్పులు వేసుకుంటోంది. ఆయన బతుకులో మొదటిసారి ఏ రిపేరూ లేకుండా అడిగాడు.

"నేను ఆదివారాలు వస్తానమ్మా. కారుతో పని లేదు. నిన్ను చూడ్డానికే వస్తాను."

పిడుగు రెండో చెప్పు వేసుకుంటూ ఆలోచించింది. "ఆదివారం నాకు ఈత క్లాసు తాతయ్యా. అది అయ్యాక స్నేహితులింటికి వెళ్తాను." ఆయన ముఖం చూసి గబగబా సర్దింది. "అయినా రా తాతయ్యా. ఇంట్లో అమ్మ ఉంటుందిగా."

అమ్మ అన్న మాట వినగానే ఆయనకు తన కూతురే కళ్లముందు మెదిలింది. వంటింట్లో గ్లాసులు కడుగుతున్న చప్పుడు విన్నాక గానీ పిల్ల ఎవరి గురించి చెబుతోందో తెలియలేదు. "అలాగే తల్లీ, వస్తాను," అన్నాడు. మెట్లమీద పిల్ల అడుగుల చప్పుడు కిందికి వెళ్లిపోయేదాకా ఆగి, గ్రీజు గుడ్డ ముఖానికి అడ్డం పెట్టుకుని ఏడ్చాడు. పంతులమ్మ మంచినీళ్ల గ్లాసు పట్టుకుని గుమ్మంలో నిలబడిపోయింది.