దేవుడి గదికి సున్నం

మా పడకగది ఉత్తరపు గోడ మీద నల్ల బూజు మొదట అరచేయంత మచ్చగా కనిపించింది. గుడ్డతో తుడిస్తే పోయింది. మళ్ళీ వచ్చింది. మత్తిగిరిలో పశువుల ఫారం వైపు నుంచి వీచే చల్లగాలి, వానాకాలమంతా తెరిపివ్వని తుంపర, ఎప్పుడూ ఎండ తగలని ఆ గోడ వాటం, అన్నీ కలిసి ఆ మచ్చను మంచం తలవైపు దాకా తెచ్చాయి. ఆ మంచం మీద పడుకునేది మా ఆయన. ఫ్యాక్టరీలో ఇనుము కరిగించే చోట ఏళ్ళ తరబడి పొగ పీల్చిన ఊపిరితిత్తులు ఆయనవి.

ఆ కార్తీకంలో ఆయనకు ఊపిరి అందక హోసూరు ఆసుపత్రిలో చేర్చాము. డాక్టరు గోడ సంగతి అడిగి తెలుసుకున్నాడు. నాకు అర్థమయ్యేట్టు మా తెలుగులోనే చెప్పాడు.

"మందులతో ఈడ తేరుకుంటాడమ్మా. కానీ ఆ గోడ పక్కన మళ్ళీ పండబెట్టినావంటే, ఈడికి తెచ్చే టైము కూడా ఉండదు."

రంగులు వేసేవాళ్ళ కోసం తిరిగాను. అందరూ కొత్త అపార్ట్‌మెంట్ల పనిలో ఉన్నారు. ఒక మేస్త్రీ నెల తర్వాత చూద్దామన్నాడు. నెల తర్వాత ఎవరికి? కృష్ణగిరిలో ఉన్న మా వదినకు, అంటే మా ఆయన అక్కకు, ఫోను చేసి ఏడ్చాను. ఆమె మర్నాడే బస్సు దిగింది. చేతిలో బట్టల సంచీ, చంకలో ఒక గోనెసంచీ.

"ఏడుపు ఆపు. గోడకు చేతులుండవు, మనకుండాయి," అంది.

చెమ్మ బయటినుంచే లోపలికి దిగుతోంది కాబట్టి బయటి గోడతో మొదలుపెట్టాము. ఇనుప బ్రష్షుతో పాచి గీకాము, బీటల్లో పుట్టీ కూరాము, ఆరాక గరుకు ఉప్పుకాగితంతో రుద్దాము. చీర కుచ్చిళ్ళు దోపుకుని నేను నిచ్చెన ఎక్కితే, ఎదురింటి పెద్దాయన గేటు దగ్గరికొచ్చి నిలబడ్డాడు.

"ఏమ్మా, వదినా మరదలు గోడలెక్కినారే! సర్కసు టికెట్టు యాడిస్తారు?"

"టికెట్టు లేదప్పా," అంది వదిన. "నిచ్చెన పట్టుకునేటోళ్ళకు ఫ్రీ. రాండి."

ఆయన నిజంగానే వచ్చి సాయంత్రం దాకా నిచ్చెన పట్టుకున్నాడు. ఆ రెండు చేతులూ చల్లగా ఉండాలి. ఆ రోజుల్లో నేను దేవుడిని పెద్దగా ఏమీ అడగలేకపోయాను. ఇలా వచ్చి నిలబడ్డవాళ్ళకు దండం పెట్టుకోవడమే నా పూజ అయింది.

లోపలి గోడల దగ్గర నాకు తోచినంతలో చేశాను. రంగుల అంగడాయన, "బెడ్రూముకు ఆయిల్ పెయింటు కొట్టమ్మా. చెమ్మ దిగదు, బూజు పట్టదు. తుడిస్తే అద్దమే," అన్నాడు. ఆ మాట నాకు మంత్రంలా వినిపించింది. డబ్బా వెనక చిన్న అక్షరాలేవో ఉన్నాయి, అరవంలో, ఇంగ్లీషులో. నేను బడికి పోలేదు. మా నాన్న తన అంగడిలో బియ్యం మూటల మీద కూర్చోబెట్టి తెలుగు నేర్పాడు. అరవం మాట్లాడతాను గానీ చదవాలంటే కూడబలుక్కోవాలి. ఆ పూట కూడబలుక్కునే ఓపిక లేదు. మంచం బయటికి లాగి నాలుగు గోడలకూ, పైకప్పుకూ కూడా ఆ రంగే పూశాము. కళ్ళు మండాయి. మండితే మండనీ, మంచి రంగంటే ఇలాగే ఉంటుందేమో అనుకున్నాను.

దేవుడి గదికి మాత్రం ఆ డబ్బా ముట్టించబుద్ధి కాలేదు. గది అంటే గదీ కాదు, వంటింటి వెనక మనిషి పడుకుంటే పట్టీ పట్టనంత చోటు, పెరటివైపు ఒక కిటికీ. వదిన గోనెసంచీలో తెచ్చినవి కృష్ణగిరి దగ్గరి పోచంపల్లి సంతలో కొన్న సున్నపురాళ్ళు. కుండలో నీళ్ళు పోస్తే బుసబుసా ఉడికాయి. చల్లారిన సున్నంలో కాస్త నీలిమందు కలిపి ఆ గదికి పూశాము. పుట్టింట్లో చేసినట్టే గోడల కింది భాగాన ఎర్రమన్నుతో నిలువు చారలు గీశాను. ఇంటి లోపల ముందుగా చేసింది ఆ గదే.

"దేవునికి సున్నమూ, మా తమ్మునికి ఆయిల్ పెయింటా? బాగుండాది నీ భక్తి!" అని వదిన నవ్వింది.

"ఇప్పుడు మీ తమ్ముడే ముందు వదినా," అన్నాను.

పడకగది ముగించిన మధ్యాహ్నం చేతులకంటిన రంగును తిన్నర్‌తో తుడుచుకుని, సబ్బుతో కడుక్కుని, గంజి తీసుకుని ఆసుపత్రికి పోయాను. మా ఆయన దిండుకు ఆనుకుని కూర్చుని ఉన్నారు. ముఖం తేటపడింది.

"మేస్త్రమ్మ వచ్చిందే," అన్నారు. "ఇల్లు నన్ను గుర్తు పడుతుందా?"

నవ్వుతూ దిండు సరిచేయడానికి వంగాను. నా చేతులు ఆయన ముఖం పక్కకు వచ్చాయి. అంతే. దగ్గు తెర లేచింది. ఒకదాని మీద ఒకటి, మధ్యలో ఊపిరికి సందు లేకుండా. పెదవులు నీలంగా మారాయి. నర్సు పరుగున వచ్చి మాస్కు పెడుతూ నా మీద అరిచింది.

"చేతికేం పూసుకున్నావమ్మా? ఏం వాసనది? పో బయటికి, పో!"

వరండాలో కొళాయి కింద చేతులు రుద్దుకున్నాను. గోళ్ళ సందుల్లో తెల్లరంగు అలాగే ఉంది. చేతులను కడగగలను. నాలుగు గోడలను ఎలా కడగను?

దగ్గు సర్దుకున్నాక డాక్టరు నన్ను పిలిచి, గదికి వేసిన రంగు సంగతి అడిగాడు. "రేపు పంపించేస్తానమ్మా, బెడ్డు వేరేవాళ్ళకు కావాల. కానీ ఆ గదిలోకి వద్దు. ఈ చలికి ఆ వాసన పోయేకి శానా దినాలు పడుతుంది. సాంబ్రాణి, ఊదుబత్తి కూడా ముట్టించొద్దు. యాడన్నా వేరే చోటు చూసుకో."

వేరే చోటు. కృష్ణగిరిలో వదిన ఇల్లు మేడ మీద, ఆయన మెట్లెక్కలేరు. జవళగిరిలో మా పిన్ని ఉంది, అక్కడ కట్టెల పొయ్యి. బస్సులో కూర్చుని తెలిసిన ఇళ్ళన్నీ మనసులో తిరిగి వచ్చాను. ఒక్క తలుపూ తెరుచుకోలేదు.

ఇంటికొచ్చి పడకగది కిటికీలు బార్లా తెరిచాను. బయట తుంపర. గోడ మీద చేయి పెడితే జిగురుగా అంటుకుంది. ఆ గోడ అద్దంలా మెరుస్తోంది. పుట్టీ బద్ద తీసుకుని గీకడం మొదలుపెట్టాను. మెత్తటి రంగు తీగలు తీగలుగా ఊడి వాసన ఇంకా ఘాటుగా కొట్టింది.

వదిన నా మణికట్టు పట్టుకుంది. "గీకితే వాసన పోతుందా, పిచ్చిదానా? ఇంగా లేస్తాది. రా ఇవతలికి."

దేవుడి గదిలో పోయి కూర్చున్నాను. ఊదుబత్తి ముట్టించబోయి ఆగిపోయాను. స్తోత్రం నోటికి రాలేదు. ఇన్నేళ్ళుగా తెల్లవారితే చదివే శ్లోకంలో మొదటి మాట కూడా గుర్తు రాలేదు. కొంగులో ముఖం పెట్టుకుని ఏడ్చాను. ఏడ్చి ఏడ్చి ముక్కు చీదుకుని గట్టిగా ఊపిరి తీసుకున్నాను. ఆ ఊపిరి మంట లేకుండా లోపలికి దిగింది. మరోసారి పీల్చాను. గోడకు ముక్కు ఆనించి పీల్చాను. సున్నం చల్లగా ఉంది. వాసన లేదు, చెమ్మ లేదు.

"వదినా," అని కేకేశాను. "ఆయన్ను ఈడ పండబెడదాం."

ఆమె గుమ్మంలో నిలబడిపోయింది. "దేవుని గదిలోనా? రోగిని? పక్కన ఉచ్చబుడ్డి పెట్టుకొనా? ఏం మాటమ్మా అది!"

"దేవుళ్ళు వంటింట్లోకి వస్తారు. వాళ్ళకు ఆయాసం లేదు కదా."

వదిన పటాల వైపు తిరిగింది. తర్వాత చెంపలు వేసుకుని వంగి దీపపు కుందులు తీసుకుంది. "నువ్వు పటాలు పట్టుకో. కింద పడేసేవు, జాగ్రత్త."

మర్నాడు పడకగది తలుపు మూసి, కింది సందులో తడి గోనె కుక్కి, ఆయనను పెరటిదారిన తీసుకొచ్చాము. నేను స్నానం చేసి ఉతికిన చీర కట్టుకున్నాను. అయినా చేతులు ఆయన ముఖానికి దూరంగా వెనక్కి పెట్టుకునే నడిచాను. పరుపు వేస్తే కాళ్ళు గడప దాటి వంటింట్లోకి వచ్చాయి. గడప మీద దుప్పటి మడిచి వేశాను.

ఆయన చుట్టూ చూశారు. "దేవుళ్ళు యాడ?"

"వంటింట్లో, పప్పు డబ్బాల పక్కన."

"బాగుండాది. వాళ్ళు తిండి కాడికి పోయినారు, నేను గుళ్ళోకి వచ్చినాను." ఆ నాలుగు మాటలకే ఆయాసం వచ్చింది.

సాయంత్రం ఒక దగ్గు తెర లేచింది. మందు పీల్చే గొట్టాన్ని చేయి చాచి దూరం నుంచే ఆయన చేతికి అందించాను. చాలా సేపటికి అది తగ్గింది. ఆయన పడుకోలేక గోడకు వీపు ఆనించి కూర్చునే కళ్ళు మూశారు. నేను జపం చేయలేదు. ఒక ఊపిరి వచ్చాక ఇంకొకటి వచ్చేదాకా వింటూ ఉన్నాను. వచ్చినదానికల్లా లోపల్లోపల దండం పెట్టుకున్నాను.

తెల్లవారి ఆయన కాస్త ముందుకు వంగితే చూశాను. బనియను వీపంతా తెల్లటి సున్నం, నడుము దగ్గర ఎర్రటి చారలు. వదిన, "అయ్యో, గోడంతా అంటించుకున్నాడే," అంటూ దులపడానికి చేయెత్తింది.

ఆ పొడి లేస్తే మళ్ళీ దగ్గు వస్తుందేమోనని ఆ చేయి పట్టుకుని ఆపాను.