తల్లి పుట్టిన ఊరు

మా రికార్డు రూము సార్ మొన్న సోమవారం పొద్దున పోయారు. క్యాజువాలిటీ నుంచి వచ్చిన కాగితం చూసి నాకు తెలిసింది. సిస్టర్ దాన్ని నా టేబుల్ మీద పెట్టి వెళ్ళిపోయింది. తెచ్చేసరికే ప్రాణం లేదని రాసి ఉంది. పేరు చదివాను, ఊరు చదివాను, వయసు చదివాను. అప్పటికీ బుర్రకెక్కలేదు. సార్ రాగానే "మీ పేరే ఉన్న ఇంకొకాయన పోయాడు సార్" అని చెప్పాలనుకున్నాను. చూడండి నా తెలివి!

భద్రాచలం దగ్గర మా దవాఖానాలో ఆ గది మెట్ల కింద ఉంటుంది. రోగుల కాగితాలు వరుసలో పెట్టి, జబ్బుకు కోడ్ వేసి, కంప్యూటర్‌లో ఎక్కించి, వాళ్ళు మళ్ళీ వచ్చిన రోజు ఫైలు తీసి ఇవ్వడం మా పని. నర్సింగ్ సీటు రాక ఈ కోర్సు చేసినదాన్ని నేను. చండ్రుగొండలో మా పక్కింటి పెద్దమ్మ "ఏం కొలువే నీది, సూదులేస్తవా?" అని అడిగింది. కాదు, కాగితాలు చూస్తానంటే "గింత సదివింది గందుకా!" అని నోరు నొక్కుకుంది. నాకూ లోపల అదే ఉక్రోషం. ఆరు నెలలు చేసి మానేద్దామనే సారపాకలో గది కిరాయికి తీసుకున్నాను.

మొదటి రోజు సార్ "ఏ ఊరు బిడ్డా మీది?" అని అడిగారు. చెప్పాను. కాసేపు నా మొహంలోకి చూసి "మంచిది" అని, ఒక కట్ట ఫైళ్ళు నా ముందుకు తోశారు. అంతే.

సంతకం మర్చిపోయిన డాక్టరును ఆయన వదిలేవారు కాదు. ఫైలు పట్టుకుని గుమ్మం దగ్గర నిలబడేవారు. "ఏందయ్యా, చాయ్ కూడ తాగనియ్యవా?" అంటే, "తాగండి సార్, నేను నిలవడ్డ గదా" అనేవారు. చాయ్ చల్లారకముందే సంతకం పడేది.

ఇంకో అలవాటు ఉండేది. కొత్త ఫైలు తెరిస్తే చాలు, అట్ట లోపల పెన్సిల్‌తో ఆ మనిషి తల్లి పుట్టిన ఊరు రాసేవారు. అడవి ఊళ్ళ నుంచి వచ్చేవాళ్ళలో తాత పేరు మనవడికి, అవ్వ పేరు మనవరాలికి పెట్టుకుంటారు. ఒకే ఊళ్ళో ఒకే ఇంటిపేరుతో, ఒకే పేరుతో ముగ్గురుంటారు. వయసు అడిగితే గోదారి పెద్దగా వచ్చిన ఏడు పుట్టానంటారు. "పేరు కలుస్తది, ఇంటిపేరు కలుస్తది. తల్లి ఊరు అడిగితెనే మనిషి దొరుకుతడు" అనేవారు సార్. నాకది పాతకాలపు చాదస్తంలా తోచేది. "సాఫ్ట్‌వేర్‌లో ఆ కాలమ్ లేదు సార్" అన్నానొకసారి. "అట్ట ఉన్నది గదా బిడ్డా" అన్నారు.

మూడో నెలలో అది నాకు తెలిసొచ్చింది. ఇద్దరు ఆడవాళ్ళ ఫైళ్ళు, పేరూ ఇంటిపేరూ ఊరూ ఒకటే. ఒకే మనిషికి రెండు ఫైళ్ళు పడ్డాయనుకుని, తెలివిగా రెండూ కలిపేశాను. అందులో ఒకామెకు ఒక ఇంజక్షన్ పడదు. ఎర్ర సిరాతో రాసిన ఆ మాట నేను కలిపిన కట్టలో అడుగున పడిపోయింది. ఆరోజే ఆమె జ్వరంతో వార్డులో ఉంది. సార్ మధ్యాహ్నం అన్నం తిని వచ్చి, రెండు అట్టల లోపలా తల్లి ఊళ్ళు వేరే వేరే ఉండడం చూశారు. ఆయన పరిగెత్తగా నేను చూసింది ఆ ఒక్కసారే. ఆయన వెళ్ళేసరికి మందు సూదిలోకి ఎక్కింది, ఆమె ఒంట్లోకి మాత్రం పోలేదు.

తిరిగొచ్చి చెంబెడు నీళ్ళు తాగారు. నేను ఏడుస్తూ, ఈ పని నా వల్ల కాదు, మానేస్తానన్నాను.

"మానేస్తే తప్పు సక్కగైతదా? రికార్డుల చెరుపుడు ఉండదు బిడ్డా. తప్పు మీద ఒక్కటే గీత కొట్టు, కింది అక్షరం కనవడాలె. పక్కన సరైంది రాసి సంతకం పెట్టు."

పెట్టాను. ఆ సంతకం ఇప్పటికీ అక్కడ ఉంది, నేనూ ఇక్కడే ఉన్నాను.

పోయిన వారం ఆయన "నాలుగు దినాలాయె, ఎడమ చెయ్యి గుంజుతున్నది" అన్నారు. "చూపించుకోండి సార్, చిట్టీ రాయనా?" అన్నాను, కంప్యూటర్ మీంచి తల ఎత్తకుండా. "ఫైలు లేనోనికి రోగం లేదు బిడ్డా" అని నవ్వారు. నేనూ నవ్వాను. నా నవ్వు మండ! ఈసీజీ మిషన్ రెండు గదుల అవతలే ఉంది. రెక్క పట్టుకుని లాక్కెళ్తే పోయేది. ఈ తప్పు మీద గీత ఎక్కడ కొట్టను, సంతకం ఎక్కడ పెట్టను?

పోయినవాళ్ళ కాగితం ఇంటివాళ్ళకు చదివి వినిపించాకే ఇవ్వాలని ఆయన పట్టు. పేరులో ఒక్క అక్షరం తప్పితే వాళ్ళు అడవి నుంచి మళ్ళీ మళ్ళీ తిరగాలి కదా. అందుకని నేనే తీసుకుని వెళ్ళాను. క్యాజువాలిటీ ముందు బెంచీ మీద ఆయన భార్య కూర్చుని ఉన్నారు. ఆయన పేరు చదివాను. "అవ్ బిడ్డా" అన్నారు. తండ్రి పేరు చదివాను. "అవ్." ఊరి దగ్గర ఆగిపోయాను. ఆమే నా చెయ్యి పట్టుకున్నారు.

కాగితం ఇచ్చాక అడిగాను, "అమ్మా, సార్ వాళ్ళమ్మ పుట్టింది ఏ ఊరు?"

ఆమె నన్ను వింతగా చూశారు. "నీకు చెప్పనే లేదా? చండ్రుగొండనే. నువ్వు కొలువుల చేరిన దినం ఇంటికొచ్చి, మా అమ్మ ఊరి పిల్ల వచ్చిందని ఎంత సంబురపడ్డడో. ఆ పిల్లకు చెప్తె గారాబం మరిగి పని నేర్వదు, చెప్పకు అన్నడు."

రికార్డు రూముకొచ్చి కొత్త అట్ట తీశాను. ఆ కాగితం నకలు అందులో పెట్టి, లోపల పెన్సిల్‌తో మా ఊరి పేరు రాశాను. అందరి తల్లుల ఊళ్ళూ రాసుకున్న మనిషికి ఫైల్లో ఉన్నది ఒకే ఒక్క కాగితం. అరలో పెడితే నిలబడదు, పక్కకు వాలిపోతుంది. అటూ ఇటూ ఉన్న లావు ఫైళ్ళు దగ్గరికి జరిపాను. మళ్ళీ వాలింది. గది తాళం వేసే వేళయినా, దాన్ని చేత్తో పట్టుకుని అక్కడే నిలబడ్డాను.